చూపు తగ్గితే తెర పెంచుదామా?

2025 సెప్టెంబరు 22న మన దేశంలో రెండు వస్తువులపై పన్ను ఒకే రోజున తగ్గింది. 32 అంగుళాలు మించిన టెలివిజన్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. చూపును సరిచేసే కళ్లద్దాలపై 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. దసరా ముంగిట వచ్చిన ఈ రెండు తగ్గింపుల్లో మొదటిది నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ఇంటింటా చర్చనీయాంశమైంది. రెండవది ఎవరి చెవికీ ఎక్కలేదు. పండుగకు పెద్ద తెర కొనాలన్న ఆలోచన కలిగిన వారు ఎందరో ఉన్నారు. ఆ తెరను చూడవలసిన కళ్లను పరీక్ష చేయించాలన్న ఆలోచన కలిగిన వారు ఎందరు?

ఈ వ్యాసం టెలివిజన్‌ను నిందించడానికి కాదు. ఏ టీవీ కొనాలి, ఎన్ని అంగుళాలు, 4కె అవసరమా, పిల్లలు ఆటలాడుకోవడానికి ఏది మంచిది, దానికే కంప్యూటర్ తగిలించుకోవచ్చునా అని అడిగే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వైద్యునికి ఈ ప్రశ్నలతో ఏమి పని అని తప్పించుకోవచ్చు. కానీ తెర కంటికి సంబంధించిన వస్తువు. కన్ను వైద్యానికి సంబంధించిన అవయవం. కాబట్టి సమాధానం చెప్పవలసిందే. నా సమాధానం ఒక్కటే: ముందు కన్ను, తరువాత గది, ఆ తరువాతనే తెర. మన అంగళ్లు, మన ప్రకటనలు, మన ఇళ్లు ఈ వరుసను తలకిందులు చేశాయి. ఆ తలకిందుల వ్యవహారంపైనే నా వాదం.

ముందుకు జరిగే పిల్లవాడు

వైద్యవృత్తిలో ఉన్న కాలంలో ఒక వరుసను నేను అనేక పర్యాయాలు గమనించాను. ఇంట్లో పిల్లవాడు టీవీకి బాగా దగ్గరగా కూర్చుంటాడు. "దూరం జరుగురా, కండ్లు ఖరాబైతయ్" అని తల్లి గద్దిస్తుంది. వాడు నాలుగు నిమిషాలు దూరంగా కూర్చుని మళ్లీ ముందుకు జరుగుతాడు. తండ్రి నాలుగు దెబ్బలు వేస్తాడు. చివరకు, "పోరనికి సక్కగ కనపడ్తలేదు సారూ, అందుకే పెద్ద టీవీ తెచ్చినం" అని ఆ తండ్రే మరొక సందర్భంలో చెబుతాడు. ఆ వాక్యంలో మొదటి సగం రోగ లక్షణం. రెండవ సగం దానికి జరిగిన చికిత్స!

ఇక్కడ కార్యకారణాలు తారుమారైనాయి. టీవీకి దగ్గరగా కూర్చున్నందువల్ల ఆ పిల్లవాని చూపు చెడలేదు. చూపు చెడినందువల్ల వాడు దగ్గరగా కూర్చున్నాడు. హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకబారే లోపం ఉన్న బిడ్డ చేసే మొదటి ఫిర్యాదు నోటితో కాదు, కాళ్లతో. కనబడే దూరానికి నడచి వెళతాడు. తనకు అందరివలె కనబడడం లేదని బిడ్డకు తెలియదు. లోకమంతా ఇంత మసకగానే ఉంటుందని వాని నమ్మకం. తరగతి గదిలో నల్లబల్ల మీది అక్షరాల దగ్గరికి నడచి వెళ్లే స్వేచ్ఛ వానికి లేదు. ఇంట్లో టీవీ దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ ఉన్నది. అందుచేత రోగం ముందుగా బయటపడే స్థలం ఇల్లు. దాన్ని చూసి మనం చేసేది గద్దింపు.

పెద్ద తెర వచ్చాక ఏమవుతుంది? బొమ్మ పెద్దదవుతుంది గనుక బిడ్డ ఆరడుగుల దూరం నుంచే చూడగలుగుతాడు. తల్లిదండ్రులు సంతోషిస్తారు. లక్షణం మాయమైంది, లోపం మిగిలింది. మరొక ఏడాది, రెండేళ్లు గడుస్తాయి. బడిలో నల్లబల్ల మాత్రం పెద్దది కాదు. మార్కులు పడిపోతాయి, "ధ్యాస లేదు" అన్న ముద్ర పడుతుంది. ఒక కంటికి లోపం ఎక్కువగా, మరొక కంటికి తక్కువగా ఉన్న బిడ్డ విషయం మరింత విషాదకరం. మెదడు మసక కంటిని పక్కన పెట్టి మంచి కంటితోనే పని నడుపుకుంటుంది. ఏడెనిమిదేళ్ల వయసు లోపల అద్దాలు పెట్టి ఆ కంటికి పని చెప్పకపోతే, తరువాత ఎంత ఖరీదైన అద్దం పెట్టినా ఆ చూపు పూర్తిగా రాకపోవచ్చు. దీన్నే మందదృష్టి అంటాం. ఆలస్యానికి వడ్డీ కట్టే రోగం అది.

పాలమూరు లెక్క

ఇవి ఊహాగానాలు కావు. మన మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లోనే 2000, 2001 సంవత్సరాల్లో ఒక పరిశోధన జరిగింది. 7 నుంచి 15 ఏళ్ల వయసున్న 4074 మంది పిల్లల కళ్లను పరీక్షించి, ఫలితాలను 2002లో ప్రకటించారు. మంచి కంటితో కూడా 6/12 లేదా అంతకంటే తక్కువ చూపు ఉన్న పిల్లలు, అద్దాలు లేకుండా చూస్తే 2.7 శాతం. వారు ఆనాడు ఉన్న స్థితిలో, అంటే అద్దాలున్న వారిని అద్దాలతోనే చూస్తే 2.6 శాతం. సరియైన అద్దాలు పెట్టి చూస్తే 0.78 శాతం.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిదానికీ మూడవదానికీ నడుమ ఉన్న పిల్లలందరూ కేవలం అద్దాలతో చక్కగా చూడగలిగిన వారు. మొదటిదానికీ రెండవదానికీ నడుమ తేడా దాదాపు లేదంటే, అద్దాలు అవసరమైన పిల్లల్లో వాటిని పెట్టుకున్న వారు దాదాపు లేరని అర్థం. అదే పద్ధతిలో ఢిల్లీ నగరంలో జరిగిన పరిశోధనలో ఈ అంకెలు 6.4, 4.9, 0.81. అక్కడ లోపం ఎక్కువ, కానీ కొందరికైనా అద్దాలు అందాయి. ఇక్కడ లోపం తక్కువ, కానీ అద్దాలే లేవు.

అది చేతిఫోన్లు రాకముందటి పాలమూరు. ఆ తరువాత మన బిడ్డల చేతుల్లోకి ఏమేమి వచ్చినవో నేను చెప్పనక్కరలేదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు కార్యక్రమం ఊరూరా పరీక్షలు జరిపి అద్దాలు పంచింది. అది మేలు చేసిన పని. అయితే పిల్లల కన్ను పెరిగే కన్ను. ఒకసారి పరీక్షించి వదిలేయడానికి వీలులేదు. ప్రభుత్వ శిబిరం ఊరికి ఎప్పుడో ఒకసారి వస్తుంది. టీవీ ముందు బిడ్డ ప్రతి సాయంత్రం కూర్చుంటాడు. వానిని గమనించే అవకాశం మనకే ఎక్కువ.

టీవీ కళ్లు పాడు చేస్తుందా?

ఈ భయానికి ఒక చరిత్ర ఉన్నది. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసిన కొన్ని పెద్ద రంగుల టీవీల నుంచి పరిమితికి మించి ఎక్స్ కిరణాలు వెలువడుతున్నట్లు తేలింది. వాటిని వెనక్కు తీసుకొని సరిచేశారు. దూరంగా కూర్చోండి అన్న హెచ్చరిక ఆనాడు లోకమంతటా వ్యాపించింది. అది గాజుగొట్టపు టీవీల కాలం. నేడు మన గోడలపై వేలాడే ఎల్‌ఈడీ తెరలలో అటువంటి గొట్టమే లేదు, ఎక్స్ కిరణాలు లేవు. కారణం పోయినా గద్దింపు మాత్రం తరాలుగా నిలిచిపోయింది.

కంటి కండరం పడే శ్రమ దూరాన్ని బట్టి ఉంటుంది. పది అడుగుల దూరంలోని తెరను చూడడానికి కన్ను చేసే సర్దుబాటుకు, ఒక అడుగు దూరంలోని ఫోన్‌ను చూడడానికి చేసే సర్దుబాటు పది రెట్లు. మరి మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? "టీవీ చూడకు, కండ్లు పోతయ్" అని కట్టివేసి, బిడ్డ చేతిలో ఫోన్ పెడుతున్నాం. పులిని తరిమి పామును ఇంట్లోకి పిలిచినట్లున్నది. ఒకే సినిమాను పిల్లలు చూడక తప్పదంటే, అరచేతిలోని ఐదారు అంగుళాల తెరలో కాక గోడమీది తెరలో చూడడమే కంటికి మేలు. ఆ మేరకు టీవీ కొనడాన్ని నేను సమర్థిస్తాను.

హ్రస్వదృష్టిని నిజంగా అడ్డుకొనేది వెలుతురు; ఆరుబయటి పగటి వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటవ తరగతి పిల్లలకు బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్లు పరిశీలించారు. ఆ పిల్లల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, ఆ ఏర్పాటు లేని బడుల్లో 39.5 శాతం. 2015లో ఈ ఫలితాలు వెలువడినాయి. తైవాన్ 2010 నుంచి బడి పిల్లలకు రోజుకు 120 నిమిషాలు బయట గడిపే విధానాన్ని ప్రోత్సహిస్తున్నది. మన దక్షిణ తెలంగాణ మెట్టభూముల్లో ఎండకు కరువు లేదు. వానకు కరువున్న ఈ నేల మీద ఎండ ఒక్కటే ధారాళంగా దొరుకుతుంది. ఆ ఉచిత ఔషధాన్ని తలుపుల బయట వదిలేసి, లోపల "కంటికి హాయినిచ్చే" తెరల కోసం అప్పు చేస్తున్నాం. ఎండ ముదిరే వేళ కాకుండా ఉదయం, సాయంకాలం చెట్టు నీడన ఆడుకున్నా చాలు. ఆ నీడలో ఉండే వెలుతురు కూడా గదిలోని వెలుతురుకు ఎన్నో రెట్లు.

చుక్కల వ్యాపారం

ఇక అంగడి వాదానికి వద్దాం. విక్రేత చెప్పే మొదటి మాట చుక్కల లెక్క. హెచ్‌డీ రెడీ అంటే సుమారు పది లక్షల చుక్కలు, ఫుల్ హెచ్‌డీ అంటే సుమారు 20 లక్షల 70 వేలు, 4కె అంటే సుమారు 83 లక్షలు. నాలుగు రెట్లు చుక్కలు గనుక నాలుగు రెట్లు స్పష్టత అని వినేవారు అనుకుంటారు. కంటి వైద్యశాలలోని అక్షరాల పట్టిక ఈ లెక్కను అంగీకరించదు.

6/6 చూపు ఉన్న కన్ను విడదీసి చూడగల అతి చిన్న కోణం ఒక డిగ్రీలో అరవయ్యవ వంతు. అంతకంటే చిన్నవైన రెండు చుక్కలు కంటికి ఒకటిగానే కనబడతాయి. ఈ కొలతతో లెక్కవేస్తే 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలో చుక్కలు సుమారు 6 అడుగులు దాటాక కలిసిపోతాయి. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో సుమారు ఐదున్నర అడుగులు, 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో సుమారు 7 అడుగులు దాటాక కలిసిపోతాయి. కొందరి చూపు 6/6 కంటే కొంత చురుకుగా ఉంటుంది. వారికి ఈ దూరాలు కాస్త పెరుగుతాయి. ఎట్లా చూసినా, 43 అంగుళాల తెరను ఎనిమిది, తొమ్మిది అడుగుల నుంచి చూసే కుటుంబానికి 4కె ఇచ్చే అదనపు చుక్కలు కనబడవు. కనబడనిదానికి వెల కడుతున్నారు. హ్రస్వదృష్టి ఉండి అద్దాలు లేని వారికైతే పాత టీవీలోని చుక్కలే కనబడవు. అటువంటి కన్నుకు 4కె కంటే కొన్ని వందల రూపాయల అద్దమే ఎక్కువ స్పష్టతనిస్తుంది.

మన ఇళ్ల కొలతలు మనకు తెలిసినవే. రాష్ట్ర ప్రభుత్వం కట్టించిన రెండు పడకగదుల ఇల్లు మొత్తం 560 చదరపు అడుగులు. అటువంటి ఇంటి ముందుగదిలో 65 అంగుళాల తెర పెడితే దాని ముందు కూర్చునే వారికి దూరమే మిగలదు. కొనేముందు టేపు పట్టుకొని మీరు నిజంగా కూర్చునే చోటు నుంచి గోడ వరకు కొలవండి. 6 అడుగులుంటే 32 అంగుళాలు, 8 అడుగులుంటే 43, 10 అడుగులుంటే 50 లేదా 55 సరిపోతాయి. ఇది శాసనం కాదు. మెడ తిప్పకుండా తెర మొత్తం చూపులో పట్టడానికి అనువైన ఒక అంచనా.

సినిమా ప్రియులు గమనించవలసినవి మరికొన్ని. తెలుగు సినిమా సెకనుకు 24 చిత్రాల చొప్పున నడుస్తుంది. టీవీ తనంతట తాను నడుమ చిత్రాలను కల్పించే సదుపాయాన్ని ఆపకపోతే ఆ సినిమా సీరియల్‌వలె కనబడుతుంది. బొమ్మ బాగుండడానికి చుక్కల సంఖ్య కంటే నలుపు ఎంత నల్లగా, తెలుపు ఎంత తెల్లగా ఉన్నదన్నదే ముఖ్యం. మన ఇళ్లలో పది మంది కూర్చుంటారు. అందరూ ఎదురుగా కూర్చోరు. కొన్ని తెరలు పక్కనుంచి చూస్తే వెలిసిపోతాయి. అంగట్లో ఎదురుగా నిలబడి చూడక, పక్కకు నడచి చూడండి. అంగట్లో తెరను కళ్లు జిగేలుమనేంత కాంతితో, నీలిఛాయతో నడుపుతారు. ఇంటికి తెచ్చాక ఆ అమరిక మార్చి సినిమా అమరికకు తేవాలి. కిటికీకి, వాకిలికి ఎదురుగా తెరను బిగించకండి. చీకటి గదిలో చూడకండి. తెర వెనుక ఒక చిన్న దీపం ఉంచండి. తెర మధ్యభాగం కూర్చున్న వారి కంటి ఎత్తుకు దగ్గరగా ఉండాలి. సజ్జ పక్కన, ద్వారబంధం ఎత్తున బిగించిన టీవీలు మెడనొప్పిని ఇంటికి తెచ్చుకున్నట్టే. చిన్నపిల్లలున్న ఇంట్లో బల్లమీద ఊరకే నిలబెట్టక గోడకు గట్టిగా బిగించండి. టీవీ మీద పడి పిల్లలు గాయపడడం అరుదైన ప్రమాదం కాదు.

నీలికాంతి భయం

"ఐ కేర్", "కంఫర్ట్", "బ్లూ లైట్ తక్కువ" అన్న ముద్రలు టీవీ పెట్టెల మీద కనబడుతున్నాయి. కళ్లజోళ్ల అంగళ్లలో నీలికాంతిని అడ్డుకొనే అద్దాలని అదనపు ధర వసూలు చేస్తున్నారు. 2023లో వెలువడిన కొక్రేన్ సమీక్ష 17 పరీక్షల ఫలితాలను పరిశీలించి, ఇటువంటి అద్దాలు మామూలు అద్దాల కంటే కంటి అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని తేల్చింది. తెర నుంచి వచ్చే నీలికాంతి పగటి ఆకాశం నుంచి వచ్చేదానితో పోలిస్తే అత్యల్పం.

మరి కళ్లు ఎందుకు మండుతున్నాయి? రెప్ప వేయనందున. సాధారణంగా నిమిషానికి సుమారు పదిహేను సార్లు వాలే రెప్ప, తెర ముందు దాదాపు సగానికి తగ్గుతుంది. కన్నీటి పొర ఆరిపోతుంది. ఫ్యాను గాలి ముఖానికి తగిలితే మరింత త్వరగా ఆరుతుంది. దీనికి మందు విరామం. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడండి, రెప్పలు ఆర్పండి. దీనికి ఖర్చు లేదు. ఖర్చు లేని సలహాకు ప్రకటన ఎవరు వేస్తారు?

మన నల్లగొండ జిల్లాకు ఇటువంటి పాఠం కొత్త కాదు. తేటగా ఉన్నాయని, చల్లగా ఉన్నాయని తరాల తరబడి తాగిన బోరునీళ్లలోనే ఫ్లోరైడు ఉన్నది. ఎముకలు వంగాక గాని తెలియలేదు. కంటికి తేటగా కనబడినంత మాత్రాన మేలైనది కాదని ఈ నేల చాలా మూల్యం చెల్లించి తెలుసుకున్నది. తెరమీది తేటదనాన్ని చూసి ఆరోగ్యమని నమ్మకూడదు. అట్లాగే, తెర అంతా విషమేనని కూడా నమ్మకూడదు. పరీక్షించి తెలుసుకోవాలి.

ఆటలు, కంప్యూటరు

ఆటల కోసం టీవీ కొనేవారికి విక్రేతలు 120 హెర్ట్జ్ అని చెబుతారు. ఆడే యంత్రం అంత వేగంగా చిత్రాలు పంపినప్పుడే దానికి అర్థం. అంతకంటే ముఖ్యం, మీట నొక్కినప్పటి నుంచి తెరపై కదలిక వచ్చేదాకా పట్టే ఆలస్యం. గేమ్ మోడ్ అన్న అమరిక వేస్తే అది తగ్గుతుంది. ఇంతవరకు యంత్ర విషయం. వైద్య విషయం వేరు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ అనే బొమ్మల కార్యక్రమంలో ఎరుపు, నీలం కాంతులు సెకనుకు పన్నెండు సార్ల చొప్పున మెరిసిన దృశ్యం చూసి ఆరు వందలకు పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు; వారిలో కొందరికి మూర్ఛలు వచ్చాయి. మెరిసే కాంతికి మూర్ఛ వచ్చే స్వభావం కొద్దిమందిలోనే ఉంటుంది. అయితే తెర ఎంత పెద్దదైతే, దూరం ఎంత తక్కువైతే, గది ఎంత చీకటైతే ముప్పు అంత పెరుగుతుంది. మూర్ఛవ్యాధి ఉన్న బిడ్డ ఉన్న ఇంట్లో పెద్ద తెరపై ఆటలు వైద్యుని సలహా లేకుండా వద్దు. మెరుపులు మొదలైతే ఒక కంటిని అరచేతితో పూర్తిగా మూసి ముఖం తిప్పుకోవాలని బిడ్డకు నేర్పండి.

కాలపరిమితి మాటేమిటి? భారతీయ బాలవైద్యుల సంఘం రెండేళ్లలోపు బిడ్డకు తెర అసలు వద్దన్నది. రెండు నుంచి ఐదేళ్ల వారికి గంటకు మించవద్దన్నది, ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటలలోపే అన్నది. 120 హెర్ట్జ్ గురించి గంటసేపు విచారించిన తండ్రి ఈ మూడు అంకెలను ఒక్కసారి విచారించడం ధర్మం.

కంప్యూటరుకు టీవీని తగిలించే విషయంలో నా అభిప్రాయం కచ్చితమైనది. సోఫాలో కూర్చుని పెళ్లి ఫొటోలు, పాఠాల వీడియోలు చూడడానికి టీవీ చక్కగా పనికి వస్తుంది. రోజుకు నాలుగైదు గంటలు అక్షరాలు చదివే, రాసే పనికి మాత్రం పనికి రాదు. అక్షరాలు కనబడాలంటే రెండు మూడు అడుగుల దూరానికి రావాలి. అక్కడి నుంచి 43 అంగుళాల తెర ఈ మూల నుంచి ఆ మూలకు చూడడానికి మెడ రోజంతా తిరగవలసిందే. ఆ దూరంలో చుక్కలు విడివిడిగా కనబడతాయి గనుక 4కె అవసరమయ్యే సందర్భం నిజానికి ఇది ఒక్కటే. పైగా అనేక టీవీలు రంగుల సమాచారాన్ని కుదించడం వల్ల అక్షరాల అంచులు అలికినట్లుంటాయి. ఉద్యోగం ఇంటినుంచి చేసే యువకులకు, పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులకు చేయి చాచినంత దూరంలో, పై అంచు కంటి ఎత్తుకు మించకుండా ఉండే 22 నుంచి 27 అంగుళాల మామూలు మానిటరే శ్రేయస్కరం. మూడు పనులకూ ఒకే తెర అన్న ఆలోచనలో పొదుపు కనబడుతుంది. మెడకు, కంటికి చేసే వైద్యం ఖర్చు అందులో కలపలేదు.

ఒక ఆక్షేపణ

"కూలికి పోయి, బొంబాయి వలసపోయి వచ్చినోళ్లు ఒక పెద్ద టీవీ కొనుక్కుంటే మీకేం నొప్పి? పేదవాడి ఇంట్లో ఉన్న సంతోషం అదొక్కటే" అని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. ఈ ఆక్షేపణను నేను గౌరవిస్తాను. పాలమూరు కూలీ చెమటతో కొన్న టీవీని వెక్కిరించే అధికారం నాకు లేదు. పైగా టీవీ మన పల్లెలకు విలాసంగా రాలేదు, బడిగా వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ ప్రయోగం పేరిట ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలకు, వాటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు కూడా, ఉపగ్రహం ద్వారా వ్యవసాయం, ఆరోగ్యం, చదువు చేరాయి. ఊరంతా ఒక్క తెర ముందు కూర్చున్నది. 2020 సెప్టెంబరు 1 నుంచి, కరోనాతో బడులు మూతపడి ఉండగా, ప్రభుత్వ పాఠశాలల్లో మూడు నుంచి పదవ తరగతి వరకు పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా టీవీలోనే వచ్చాయి. ఆనాడు టీవీ లేని ఇంటి బిడ్డకు బడి లేదు. టీవీ ఉండీ చూపు సరిగా లేని బిడ్డకు కూడా బడి లేదు. కానీ ఈ రెండవ బిడ్డను ఎవరూ లెక్కించలేదు.

కాబట్టి నా వాదం టీవీ కొనవద్దని కాదు. ముప్ఫై వేల టీవీ కొనే ఇంట్లో కంటి పరీక్షకు తీరిక లేదనడం అన్యాయమని. ఆ అన్యాయం అనుభవించేది డబ్బు పెట్టినవాడు కాదు, నోరు విప్పి చెప్పలేని బిడ్డ.

ఇప్పుడు చేయవలసింది

పండుగకో, పంట డబ్బు చేతికి వచ్చినప్పుడో కొత్త టీవీ కొనదలచిన ప్రతి కుటుంబం ముందురోజు ఈ చిన్న పరీక్ష చేయాలి. గోడకు వేలాడే క్యాలెండరు ముందు పిల్లలందరినీ పది అడుగుల దూరంలో వరుసగా నిలబెట్టండి. ఒక కంటిని అరచేతితో, నొక్కకుండా మూయించండి. తేదీల కింద ఉన్న చిన్న అక్షరాలను ఎంతవరకు చదవగలరో చూడండి. తరువాత రెండవ కన్ను. ఒకరు చదివింది మరొకరు చదవలేకపోతే, ఒక కంటితో చదివింది రెండవ కంటితో చదవలేకపోతే, కళ్లు చికిలిస్తే, తల పక్కకు వాల్చితే, ఆ బిడ్డను పరీక్షకు తీసుకుపోండి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉన్నది. బడులకు వచ్చే బాల స్వాస్థ్య బృందాలను అడగవచ్చు. ఈ ఇంటి పరీక్షలో నెగ్గినంత మాత్రాన లోపం లేదని కాదు. బడిలో చేరేముందు ఒకసారి, ఆపైన ఏడాదికొకసారి నిపుణుల పరీక్ష అవసరం. నలభై దాటిన పెద్దలు, మధుమేహం ఉన్నవారు తమ కళ్లను కూడా ఈ జాబితాలో చేర్చుకోవాలి. మధుమేహం వల్ల కంటి వెనుక పొర దెబ్బతింటే ఏ తెరా ఆ చూపును తిరిగి తేలేదు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెబుతున్నాను. "అద్దాలు పెడితే పెండ్లి కాదు" అన్న మాట ఇప్పటికీ మన మధ్య వినబడుతున్నది. మసక చూపుతో పొయ్యి దగ్గర, రోడ్డు మీద, పరీక్షహాలులో ఆ బిడ్డ పడే అవస్థ కంటే ముక్కుమీద అద్దం బరువైనదా? ఆ మాట అన్న చుట్టాన్ని కూడా పది అడుగుల దూరంలో నిలబెట్టి క్యాలెండరు చదివించండి.

పరీక్ష ముగిశాక, అవసరమైన వారికి అద్దాలు వచ్చాక, పాత టీవీనే మరొకసారి అందరూ కలిసి చూడండి. అప్పటికీ బొమ్మ చిన్నదనిపిస్తే, గది కొలుచుకొని నిక్షేపంగా పెద్దది కొనండి. ఏ కంపెనీది అని ఇక నన్ను అడగనక్కరలేదు. ఇంట్లో అందరి కళ్లూ పరీక్షించారా అని మాత్రం నేను తప్పక అడుగుతాను.